ముందు చూసిన డ్రమ్ము

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు జ్యోతి రెండు డ్రమ్ముల మీద స్కానర్ పెట్టింది. రెండుసార్లూ తెర పచ్చగా వెలిగింది. పచ్చ వస్తే ల్యాబువాళ్లు పాస్ చేసిన సరుకు, ఇచ్చెయ్యొచ్చు. ఎరుపు వస్తే ఆపి ఉంచిన సరుకు, కదపకూడదు. గడ్డపోతారంలోని ఆ మందుల కంపెనీ స్టోర్‌లో ఆరేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే. చీటీ ప్రింటు తీసి, సంతకం పెట్టి, డ్రమ్ములను ట్రాలీ మీద రెండో బ్లాకుకు పంపింది.

పన్నెండింటికి స్టోర్ మేనేజరు నరసరాజు వచ్చాడు. భీమవరం వైపు నుంచి వచ్చి పాతికేళ్లుగా ఈ చుట్టుపక్కల కంపెనీల్లోనే పనిచేస్తున్న మనిషి. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది, ఆయనకు తగ్గుతుంది. ఆ రోజు చెవి ఒగ్గితే తప్ప వినపడలేదు.

“ఆ రెండు డ్రమ్ములూ ఎవరు ఇవ్వమన్నారమ్మా?”

“స్కాన్ చేసిన సార్. పచ్చ వచ్చింది, ఇచ్చిన.”

“పది యాభై రెండుకే ల్యాబ్ వాటిని ఆపేసింది. రెండో శాంపిల్లో తేమ ఎక్కువ తేలిందట. నువ్వు పదకొండూ ఎనిమిదికి ఇచ్చావు. ఒక డ్రమ్ము రియాక్టర్‌లో పోసేశారు కూడా. బ్యాచ్ మొత్తం ఆగిపోయింది.”

“గట్లెట్లయితది సార్? నా కండ్లతోటి చూసిన.”

నరసరాజు బ్లాకు నుంచి వెనక్కి తెప్పించిన రెండో డ్రమ్మును చూపించి, స్కాన్ చెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చేసింది. తెర ఎర్రగా వెలిగింది. కింద చిన్న అక్షరాల్లో ఆపిన సమయం కూడా ఉంది: పది యాభై రెండు. ఆపింది ల్యాబ్ ఇన్‌ఛార్జి శివరామకృష్ణ.

“ఇప్పుడు ఎర్రగున్నది సార్. అప్పుడు పచ్చగున్నది.”

“అప్పుడు స్కాన్ చేశావా అసలు? నెంబరు చేత్తో కొట్టేసి ప్రింటు తీశావా?”

చేత్తో నెంబరు కొట్టినా చీటీ వస్తుంది. రద్దీలో ఒకరిద్దరు అలా చేస్తారని అందరికీ తెలుసు. తను ఎప్పుడూ చేయలేదని తనకు తెలుసు. కానీ దానికి సాక్ష్యం ఏముంది? లోపలికి ఫోన్లు తేనివ్వరు, గేటు దగ్గరే డబ్బాలో పెట్టాలి. తెర మీద వెలిగిన పచ్చరంగుకు ఫోటో లేదు, సంతకం లేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. సోమవారం పదకొండింటికి విచారణ. అంతవరకు స్టోర్‌లో అడుగు పెట్టకూడదు, వెనక ఖాళీ డ్రమ్ముల షెడ్డులో పనిచెయ్యాలి.

ఇస్నాపూర్ వెళ్లే కంపెనీ బస్సులో ఆమె పక్క సీటు ఆ రోజు ఖాళీగా ఉండిపోయింది. వెనక నుంచి “నిప్పు లేకుంటే పొగ వస్తదా” అని ఎవరో అన్నారు. ఆమె తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన అంతా విని, “పొద్దుందాక గదే పని గదా, ఒక్కోసారి చూసినట్టే అనిపిస్తది. నువ్వు నిజంగ చూసినవా?” అన్నాడు. అడిగింది మెత్తగానే. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. బియ్యం కడగడానికి లేచింది.

*

బుధవారం సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి హరినాథ్ వచ్చాడు. స్టోర్, ల్యాబ్, బ్లాకులు అన్నీ కలిపి నడిపే ఆ వెబ్‌సైటును చేసింది వాళ్లే. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు తాడు, చేతిలో ల్యాప్‌టాప్. నరసరాజు కోరిక మీద జ్యోతిని కూడా స్టోర్‌కు పిలిపించారు.

“మా సిస్టంలో సమయం ఎవరూ మార్చలేరండి. ల్యాబ్ పది యాభై రెండుకు హోల్డ్ పెట్టినట్టు రికార్డు ఉంది,” అన్నాడు హరినాథ్. “అనుమానమెందుకు, ఇప్పుడే చూద్దాం.”

అరల్లోంచి పది డ్రమ్ముల నెంబర్లు రాసుకొని ల్యాబుకు ఫోన్ చేశాడు. శివరామకృష్ణ అక్కడి నుంచి పదింటినీ ఆపాడు. హరినాథ్ ఒక్కొక్క దాని మీద స్కానర్ పెట్టాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. పదికి పది. చివరి డ్రమ్ము దగ్గర స్కానర్‌ను జ్యోతి చేతికే ఇచ్చి, “మీరు కూడా చూడండి మేడం,” అన్నాడు నవ్వుతూ. ఆమె పెట్టింది. ఎరుపే.

స్టోర్‌లో ఉన్నవాళ్లంతా ఆమె వైపు చూసి, వెంటనే చూపులు తిప్పుకున్నారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

షెడ్డుకు తిరిగొచ్చి ఖాళీ డ్రమ్ము మీద కూర్చుంది. తను అబద్ధం చెప్పలేదు. సిస్టం అబద్ధం చెప్పడం లేదని పదిసార్లు చూపించారు. మరి అబద్ధం ఎవరిది? మిగిలింది ఒక్కడే, శివరామకృష్ణ. హోల్డ్ పెట్టడం మరిచిపోయి ఉంటాడు. సరుకు బ్లాకుకు వెళ్లిపోయిందని తెలిశాక కంగారుగా పెట్టి ఉంటాడు. తర్వాత హరినాథ్‌ను పట్టుకొని సమయం దిద్దించుకొని ఉంటాడు. మంగళవారం పదకొండున్నరకు ఆయన స్టోర్ ముందు నుంచి చెమటలు కక్కుతూ వెళ్లడం తను చూసింది. నిన్న సాయంత్రం క్యాంటీన్‌లో ఆయనా నరసరాజూ ఒకే బల్ల దగ్గర టీ తాగడం కూడా చూసింది. ఇద్దరిదీ భీమవరం వైపే, ఒకే యాస. ఒకసారి అనుమానం మొదలైతే దేన్ని చూసినా అది దానికి సరిపోతూనే ఉంటుంది.

ఆ మాట ఆమె మనసులోనే ఉంచుకోలేదు. మధ్యాహ్నం క్యాంటీన్ వరుసలో పక్కవాళ్లతో, “ల్యాబ్ సారు తన తప్పు నా మీదికి నెట్టిండు” అంది. సాయంత్రానికి అది కంపెనీ అంతా తిరిగింది.

*

షెడ్డులో ఆమెకు తోడు ముత్యమ్మ. గడ్డపోతారం మనిషే. కంపెనీ కట్టకముందు ఆ నేలలోనే జొన్న కోసిన చేతులు. డ్రమ్ములు కడగడం, లేబుళ్లు గీకడం ఆమె పని. బ్లాకువాళ్లు డ్రమ్ము ఖాళీ అయ్యిందని తమ కంప్యూటర్లో కొట్టాలి. షెడ్డులో స్కాన్ చేస్తే “ఖాళీ” అని రావాలి. అప్పుడే లేబుల్ గీకాలి. “వాడకంలో” అని వస్తే గీకకూడదు.

గురువారం ఒక నీలం డ్రమ్ము వచ్చింది. జ్యోతి స్కాన్ చేస్తే “వాడకంలో” అని వచ్చింది. లోపల గింజ లేదు. గోడకున్న ఇంటర్‌కం ఎత్తి బ్లాకు ఆపరేటరు పాండుకు చెప్పింది.

“పాండన్నా, నాలుగు వందల పదిహేడు ఖాళీ కొట్టలేదు నువ్వు.”

“అరే, మర్చిపోయిన చెల్లె. ఇగో కొడ్తున్న. పదిహేడు, పద్దెనిమిది రెండూ కొట్టిన.”

మళ్లీ స్కాన్ చేసింది. “వాడకంలో.”

“ఇంక రాలేదన్నా.”

“నా దిక్కు ఖాళీ అనే ఉన్నది. కావాలంటే వచ్చి సూడు.”

ఆమె విసుగ్గా ఆ డ్రమ్మును పక్కకు దొర్లించి ఇంకోటి తీసుకుంది. అది నాలుగు వందల పద్దెనిమిది. రెండూ కలిపే కొట్టానని పాండు చెప్పినదే. స్కానర్ పెట్టగానే “ఖాళీ” అని వచ్చింది. ఒకే మనిషి, ఒకే నిమిషంలో కొట్టిన రెండు డ్రమ్ములు. ఒకటి ఒప్పుకుంది, ఒకటి ఒప్పుకోలేదు.

జ్యోతి రెండు డ్రమ్ములనూ పక్కపక్కన నిలబెట్టింది.

రెండింటికీ తేడా ఏమిటి? లేబుల్ ఒకటే రకం, లాట్ ఒకటే. చాలాసేపు చూసింది. తట్టిన తేడా ఒక్కటే, అదీ తేడా అనిపించుకోదేమోనన్నంత చిన్నది. పాండు కొట్టకముందు పదిహేడును తను ఒకసారి స్కాన్ చేసింది. పద్దెనిమిదిని చేయలేదు.

మంగళవారం గుర్తొచ్చింది. డ్రమ్ములు ఇచ్చింది పదకొండూ ఎనిమిదికే. కానీ అంతకుముందు, పదీ ముప్పావు ప్రాంతంలో, ఏవేవి ఇవ్వాలో లెక్క చూసుకోవడానికి అదే రెండింటినీ ఒకసారి స్కాన్ చేసింది. అప్పటికి ల్యాబ్ ఆపలేదు. అప్పుడు పచ్చ. ఆ తర్వాత ఆపారు. మళ్లీ చూస్తే పచ్చే. హరినాథ్ పరీక్షలో ఆ పది డ్రమ్ములనూ ముందు ఎవరూ చూడలేదు.

గబగబా పదిహేడును మళ్లీ స్కాన్ చేసింది. “వాడకంలో.” రెండు నిమిషాలకోసారి చేస్తూనే ఉంది. గోడ గడియారం మొదటి స్కాన్ నుంచి ముప్పై నిమిషాలు తిరిగేసరికి తెర మీద మాట మారింది. “ఖాళీ.”

శుక్రవారం పొద్దున్నే రెండు రూపాయల పెన్నుతో నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుంది. డ్రమ్ము నెంబరు, నేను ముందు చూసిన సమయం, పాండు కొట్టిన సమయం, తెర మారిన సమయం. సగం డ్రమ్ములను ముందే చూసింది, సగం చూడలేదు. చూడనివి వెంటనే నిజం చెప్పాయి. చూసినవి అరగంట దాకా పాత మాటే పట్టుకొని కూర్చున్నాయి. ముప్పై, ముప్పై, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. ఒక్క డ్రమ్ము మాత్రం పన్నెండు నిమిషాలకే మారింది. ఎందుకో ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. కొట్టేద్దామా అనుకుంది. కొట్టెయ్యకుండా అలాగే రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

“ఏం రాస్తున్నవు బిడ్డా, పొద్దుగాల్నుంచి?” అంది ముత్యమ్మ, నీళ్ల పైపు పక్కన పడేసి.

జ్యోతి నోట్‌బుక్ మూసేసింది. పొద్దుటి నుంచి ఈమె అడగడం ఇది మూడోసారి. నిన్న షెడ్డు సూపర్‌వైజరు ఈమెతో గుసగుసలాడటం తను చూసింది. “ఏం లేదు పెద్దమ్మా. డ్రమ్ముల లెక్క.”

“నాకెందుకు దాస్తవు? సూపర్‌వైజరు అడిగిండు, జ్యోతి ఏం చేస్తున్నదని. నాకేం ఎర్క, ఏందో రాస్తున్నది అన్న. గంతే. ఉన్నది చెప్పిన.” ముత్యమ్మ పైపు మళ్లీ అందుకుంది. “గా డబ్బా ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్తున్నది గదా? నేనూ సూస్తనే ఉన్న. నా కండ్లు పోలేదు.”

జ్యోతికి సిగ్గేసింది. నోట్‌బుక్ తెరిచి ముత్యమ్మకు చూపించింది. ముత్యమ్మకు చదవడం రాదు. అయినా వేలు పెట్టి గళ్లన్నీ వరుసగా చూసి, తలాడించింది.

*

శుక్రవారం నాలుగింటికి ఆ నోట్‌బుక్ పట్టుకొని నరసరాజు గదికి వెళ్లింది. ఆయన పూర్తిగా విన్నాడు. నమ్మాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. హరినాథ్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, గళ్లలో ఉన్నది చదివి వినిపించాడు.

“నెట్‌వర్క్ నెమ్మదిగా ఉండి ఉంటుందండి,” అన్నాడు హరినాథ్. “ఏదేమైనా మా వాళ్లను ఒకసారి చూడమంటాను.”

శనివారం ఎనిమిదింటికి నరసరాజే స్వయంగా షెడ్డుకు వచ్చాడు. “ఏదీ, చూపించు.”

జ్యోతి ఒక డ్రమ్మును ముందు స్కాన్ చేసింది. “వాడకంలో.” పాండుకు ఫోన్ చేసింది. కొట్టానన్నాడు. మళ్లీ స్కానర్ పెట్టింది.

“ఖాళీ.”

ఇంకో డ్రమ్ము. “ఖాళీ.” ఇంకోటి. వెంటనే “ఖాళీ.” ఏడు డ్రమ్ములు చూసింది. ఏడూ బుద్ధిగా నిజమే చెప్పాయి.

“నిన్నటిదాక గిట్ల లేదు సార్! పెద్దమ్మను అడుగురి. పాండన్నను అడుగురి.”

“వాళ్లు నీ పక్కనే పనిచేసేవాళ్లు కదమ్మా,” అన్నాడు నరసరాజు. గొంతు బాగా తగ్గిపోయింది. “హరినాథ్ రాత్రి ఫోన్ చేశాడు. ఎంత చూసినా ఏ తప్పూ దొరకలేదన్నాడు. విచారణకు ముందు ఇలాంటి లెక్కలు తయారు చేసుకొస్తే నీకే చెడు. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాసివ్వు. క్షమించమని అడుగు. మిగతాది నేను చూస్తాను.”

ఆయన వెళ్లిపోయాక ముత్యమ్మ నీళ్లు ఆపేసి వచ్చి పక్కన నిలబడింది. దొంగతనం జరిగిందని పోలీసులను పిలిస్తే, వాళ్లు వచ్చేసరికి సొమ్ము తెచ్చి యథాస్థానంలో పెట్టేసినట్టుంది. ఇప్పుడు దొంగ ఎవరు? పిలిచినవాళ్లే.

ఎవరో మార్చారు. అది మాత్రం ఆమెకు స్పష్టంగా తెలిసింది. కానీ ఎవరికి చెప్పాలి? నరసరాజు వినడు. హరినాథ్ ఒప్పుకోడు. ఆలోచించగా ఆలోచించగా, కంపెనీలో సమయాలనూ అంకెలనూ చూసి చదవగలిగేవాళ్లు ల్యాబులోనే ఉన్నారనిపించింది. అక్కడున్నదేమో తను ఊరంతా నిందించిన మనిషి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ల్యాబు తలుపు తట్టింది.

శివరామకృష్ణ భోజనం డబ్బా మూసి పెడుతున్నాడు. నలభై దాటిన మనిషి. ఉద్యోగానికి ఇటొచ్చి రామచంద్రాపురంలో ప్రభుత్వ ప్లాంటులో పనిచేసి రిటైరైన నాన్న క్రమశిక్షణ అంతా ఆయనకు వచ్చిందని అంటారు. ఆమెను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

“నా తప్పు మీ మీదకు నెట్టానన్నారట.”

“అన్న సార్.”

“ప్లాంట్ హెడ్ పిలిపించి అడిగారు, హోల్డ్ నిజంగా ఎప్పుడు పెట్టావని. పదహారేళ్ల సర్వీసులో నన్నెవరూ ఆ మాట అడగలేదు.” అని, బల్ల మీది రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాడు. తేమ రీడింగ్ పది నలభై తొమ్మిదికి, హోల్డ్ పది యాభై రెండుకు. రెండింటి పక్కనా మిషన్ నుంచి వచ్చిన కాగితం అతికించి ఉంది. “పదకొండున్నరకు మీరు ఇచ్చేసినట్టు తెర మీద చూశాను. అందుకే బ్లాకుకు పరుగెత్తాను.”

చెమటలు కక్కుతూ వెళ్లింది అందుకన్నమాట. జ్యోతి తలొంచుకుంది. “నేను తప్పనుకున్న సార్. మీరు నిజమే చెప్పిన్రు. నేనూ నిజమే చెప్పిన. ఇద్దరం నిజం చెప్తే గిట్లెట్లయిందో గీ నోట్‌బుక్‌ల ఉన్నది. ఒక్కసారి చూడున్రి. చూసి అబద్ధమంటే పోత.”

ఆయన అయిష్టంగానే తీసుకున్నాడు. మొదటి పేజీ నిలబడే చూశాడు. రెండో పేజీకి కూర్చున్నాడు.

“ఈ పన్నెండు నిమిషాలదేమిటి?”

“తెల్వది సార్. అదొక్కటి కుదర్లేదు.”

“కొట్టెయ్యలేదేం?”

“అయింది గదా సార్. అయినదాన్ని ఎట్ల కొట్టేస్త?”

శివరామకృష్ణ ఆమె ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. ఇంటర్‌కం ఎత్తి పాండును పిలిచాడు. నాలుగు వందల ముప్పై మూడో డ్రమ్మును నిన్న షెడ్డుకు పంపకముందు బ్లాకులో ఎవరైనా స్కాన్ చేశారా అని అడిగాడు. పాండు కాసేపు గుర్తు చేసుకున్నాడు. బయటికి దొర్లించే ముందు తనే చేశానన్నాడు, టీ గంట కొట్టినప్పుడు. టీ గంట మూడింటికి. జ్యోతి దాన్ని స్కాన్ చేసింది మూడూ పద్దెనిమిదికి. మూడున్నరకు తెర మారింది.

“ముందు ఎవరు చూసినా అరగంటే,” అన్నాడు శివరామకృష్ణ నెమ్మదిగా. “మీరు చూసింది రెండోసారి. కల్పించి రాసేవాళ్లయితే ఇక్కడ కూడా ముప్పై అని రాసేవారు.”

“మరి ఇయ్యాల ఎందుకు మంచిగైంది సార్?”

“అదే నేనూ అడగాలి. మన దగ్గర బల్బు మార్చాలన్నా కాగితం పెట్టాలి. సిస్టంలో ఒక అక్షరం మార్చినా నా సంతకం కావాలి. నిన్నటి నుంచి నాకే కాగితమూ రాలేదు.” ఆయన మంగళవారం నాటి ఇష్యూ చీటీని ఫైల్లోంచి తీశాడు. కంప్యూటర్లో ఇవాళ్టి చీటీ ఒకటి ప్రింటు తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, అడుగున ఎవరూ చదవని చిన్న అంకెల మీద వేలు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ ఎన్నోదో చెప్పే అంకెలవి. మంగళవారం నాటి దాని మీద 4.2.6. ఇవాళ్టి దాని మీద 4.2.7.

*

సోమవారం విచారణలో ప్లాంట్ హెడ్, నరసరాజు, హరినాథ్, శివరామకృష్ణ కూర్చున్నారు. జ్యోతిని చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. నరసరాజు ఆమె క్షమాపణ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. శివరామకృష్ణ రెండు చీటీలనూ బల్ల మీద పెట్టాడు.

“శుక్రవారానికీ శనివారానికీ మధ్య సాఫ్ట్‌వేర్ మారింది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు?”

హరినాథ్ నవ్వబోయాడు. “అది మామూలు అప్‌డేట్ అండి. దీనికి సంబంధం లేదు.”

“మామూలుదైతే రాసినవాళ్లనే అడుగుదాం,” అన్నాడు ప్లాంట్ హెడ్.

హరినాథ్ ఫోన్ చేయక తప్పలేదు. స్పీకర్లో ఒక అమ్మాయి గొంతు పలికింది. పేరు నిషిత, ఆ ప్రోగ్రాం రాసేది తనేనంది. శుక్రవారం ఏం మార్చావని ప్లాంట్ హెడ్ అడిగితే క్షణం తటపటాయించింది.

“హరినాథ్ గారు అక్కడున్నారా?”

“ఉన్నారు. మీరు చెప్పండి.”

“చెప్పేస్తాను సార్. డ్రమ్ము స్థితి ఏమిటని స్కానర్ అడిగినప్పుడల్లా ప్రోగ్రాం నాలుగు చోట్ల వెతికి జవాబు తేవాలి. ఒక్కో డ్రమ్ముకు ఎనిమిది సెకన్లు పట్టేది. ఆలస్యమవుతోందని మీ స్టోర్ నుంచే మెయిల్ వచ్చింది. అందుకని మూడు వారాల కింద, ఒకసారి వెతికిన జవాబును అరగంట పాటు దాచిపెట్టేలా రాశాను. దాన్నే మేం క్యాష్ అంటాం. అదే డ్రమ్మును మళ్లీ అడిగితే వెతక్కుండా దాచిన జవాబే ఇచ్చేస్తుంది. ల్యాబో, బ్లాకో స్థితి మార్చిన వెంటనే ఆ దాచినదాన్ని చెరిపెయ్యాలి. వాళ్ల తెరలకు చెరిపాను. స్కానర్ ప్రోగ్రాంలో వేరే దారిన అడుగుతుంది. అక్కడ చెరపడం మరిచిపోయాను. తప్పు నాదే.”

“అంటే పదిసార్లు పరీక్ష చేసినా...” అన్నాడు నరసరాజు.

“ముందు చూడని డ్రమ్ముతో పరీక్ష చేస్తే ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది సార్. మీ స్టోర్ వాళ్ల లెక్క శుక్రవారం విన్నాకే నాకు అర్థమైంది. సాయంత్రం దిద్దాను. అప్‌డేట్ నోట్‌లో కారణం రాశాను కూడా. దాన్ని మీకు పంపొద్దన్నారు.”

నరసరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు. స్కానర్ నత్తలా నడుస్తోందని ఆ మెయిల్ రాసింది ఆయనే.

“కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గర పడింది సార్,” అన్నాడు హరినాథ్ నేల చూస్తూ. “ఎలాగూ సరిచేశాం కదా, గొడవెందుకని...”

జ్యోతి హరినాథ్ వైపు తిరిగింది. “తప్పు అయింది, సరే. మనిషన్నంక అయితది,” అంది. “కానీ ఏ తప్పూ దొరకలేదని శుక్రవారం రాత్రి మా సారుకు ఫోన్ల చెప్పిన్రు గదా సార్. నా లెక్క నిజమని తెలిసి చెప్పిన్రు. నా కొలువు పోతుంటే ఊకె కూసుండి చూద్దామనుకున్నరా?”

ప్లాంట్ హెడ్ ఫైలు మూసి, మూడు వారాలుగా ఇచ్చిన ప్రతి చీటీనీ ల్యాబ్ రిజిస్టరుతో సరిచూడమని చెప్పి లేచాడు.

సరిచూడటానికి రెండు రోజులు పట్టింది. అలాంటిదే ఇంకొక డ్రమ్ము బయటపడింది. దాన్ని తొమ్మిది రోజుల కింద ఇచ్చింది కూడా జ్యోతే. ఆ సరుకు మందుగా మారి గుజరాత్‌లోని కొనుగోలుదారుకు వెళ్లిపోయింది. వాడొద్దని, వెనక్కి పంపమని వాళ్లకు ఉత్తరం రాశారు. ఆ చీటీ మీద తన సంతకం చూసుకున్నప్పుడు, గెలిచానన్న భావం ఏ మూలన్నా ఉంటే అది కాస్తా పోయింది. ఈ ఒక్కటీ బయటపడకపోయి ఉంటే?

ఆమె తప్పేమీ లేదని సగం పేజీ కాగితం ఇచ్చి స్టోర్‌కు పంపారు. నరసరాజు క్షమించమని అనలేదు. కానీ ఆమె వచ్చేసరికి కుర్చీ తుడిపించి ఉంచాడు. ఆయనకు తెలిసిన పద్ధతి అది.

గురువారం తీరిక చూసుకొని ల్యాబుకు వెళ్లింది. “నలుగుర్ల మిమ్మల్ని అన్న సార్. అదే నలుగుర్ల తప్పన్న అని చెప్పి వచ్చిన, క్యాంటీన్ల.”

“విన్నాను,” అన్నాడు శివరామకృష్ణ. కొద్దిసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు. “మీకు తెలియంది ఒకటుంది. పోయిన బుధవారం నేనూ రాసిచ్చాను, మీరు స్కాన్ చేయకుండానే ఇచ్చి ఉంటారని. విచారణ ఫైల్లో ఉంది.”

ఆమె ఊహించలేదు. “తీసెయ్యరాదు?”

“ఫైల్లోంచి కాగితం తీయడానికి వీల్లేదమ్మా. ఇక్కడి రూలది.” అలమరా తెరిచి ఫైలు తీసి ఆమె ముందుంచాడు. “కింద ఇంకోటి చేర్చాను. చదవండి.”

మొదటి కాగితం చదివింది. “బాధ్యతారాహిత్యం” అన్న మాట రెండుసార్లు ఉంది. పేజీ తిప్పింది. రెండో కాగితంలో నాలుగే వాక్యాలు. జ్యోతి నోట్‌బుక్‌ను నేను పరిశీలించాను. అందులోని సమయాలు కల్పితాలు కావు. ఆమె మంగళవారం పచ్చరంగు చూసిందని నేను నమ్ముతున్నాను. నా మొదటి వాంగ్మూలం తప్పు.

కింద సంతకం, తేదీ. సోమవారం నాటిది కాదు. శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. ఆమె తలుపు దాటి వెళ్లిన కొద్దిసేపటికే, నిషిత ఎవరో, ఏం చెప్తుందో ఎవరికీ తెలియకముందే రాసింది.

ఆ తేదీని రెండుసార్లు చదువుకుంది. ఫైలు మూసి రెండు చేతులతో ఆయనకు అందించి, “స్టోర్ల ట్రాలీ వచ్చుంటది సార్, పోతున్న,” అంది.